ఉప్పుటేటి ఎండ్రకాయకు ఒక ఇల్లు

తెలుగు పిల్లవానికి ఎండ్రకాయతో పరిచయం సాధారణంగా పుస్తకంలోనే కలుగుతుంది. పంచతంత్రంలో దొంగభక్తి చూపిన ముసలి కొంగకు తగిన శాస్తి చేసిన బుద్ధిమంతుడు ఎండ్రకాయ. పంచాంగంలో సూర్యుడు దక్షిణాయనానికి మళ్లే రాశి కర్కాటకం. కాని నెల్లూరు సముద్రతీరంలో పెరిగే పిల్లలకు ఈ పరిచయం పుస్తకంతో ఆగదు. మైపాడు, కృష్ణపట్నం, ఇసకపల్లి, జువ్వలదిన్నె పరిసరాలలో పాటు తీసిన వేళ బురదనేల మీద వందల కొద్ది చిన్న ఎండ్రకాయలు బొరియల ముందుకు వచ్చి మేత మేస్తుంటాయి. మగదానికి ఒక డెక్క మిక్కిలి పెద్దది, రెండవది మిక్కిలి చిన్నది. పెద్ద డెక్కను పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి, ఎవరినో పిలుస్తున్నట్లు అది చేసే సంజ్ఞను చూచి ముచ్చటపడని పిల్లవాడుండడు.

ఆ ముచ్చటే చాలసార్లు దాని ప్రాణం మీదికి వస్తుంది. పిల్లవాడు దానిని చెంబులో వేసి ఇంటికో బడికో తెస్తాడు. కుళాయినీరు పోస్తాడు. నాలుగు మెతుకులు విదిలిస్తాడు. కొద్ది రోజులకు అది కదలకుండ పడివుంటుంది. తిండి చాలక చచ్చిందని అందరూ అనుకుంటారు. నిజానికి దానికి కొరవడినది తిండి కాదు, ఇల్లు. ఎండ్రకాయకు ఇల్లు కట్టడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇది ఒక సంవత్సరపు పాఠానికి సరిపోయే విషయం. అందులో భౌతికశాస్త్రం ఉన్నది, రసాయనశాస్త్రం ఉన్నది, లెక్కలున్నవి. అన్నిటినీ మించి, ఒక ప్రాణిని దగ్గర ఉంచుకొన్నవాని బాధ్యత ఉన్నది.

రెండు రాజ్యాల సరిహద్దు

ఈ చిన్న ఎండ్రకాయ చేపవలె నీటి ప్రాణి కాదు, బల్లివలె నేల ప్రాణి కాదు. అది మొప్పలతో శ్వాసిస్తుంది. మొప్పలు తడిగా ఉన్నంతవరకే పనిచేస్తాయి. అందుచేత నేల మీదికి వచ్చేటప్పుడు గుల్ల లోపలి మొప్పల గదిలో కొంత నీటిని వెంట తెచ్చుకుంటుంది. ఆ నీటికి గాలి తగిలిస్తూ గంటల తరబడి బయట తిరుగగలదు. తడి ఆరిపోతే ఊపిరాడక చస్తుంది. అట్లని ఎప్పుడూ నిలవనీటిలో ముంచి ఉంచితే, ఆ కొద్ది నీటిలోని ప్రాణవాయువు అయిపోయినప్పుడు కూడ చస్తుంది.

ఉప్పు సంగతి అంతకన్న సూక్ష్మమైనది. సముద్రపు నీటిలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్లు లవణాలుంటాయి. బంగాళాఖాతంలో వానల తరువాత ఇది కొంత తగ్గుతుంది. ఏటినీటిలో లవణాలు లేవన్నంత తక్కువ. ఈ రెండూ కలిసే ఉప్పుటేరులో లవణాల పాలు పూటకొక విధంగా, ఋతువుకొక విధంగా మారుతుంది. ఎండ్రకాయ రక్తం మంచినీటి కన్న ఉప్పనైనది. దానిని ఉత్త మంచినీటిలో వేస్తే, తరగతిలో చెప్పుకునే ద్రవాభిసరణం చొప్పున బయటి నీరు లోపలికి చొరబడుతుంది, లోపలి లవణాలు బయటకు జారిపోతాయి. మొప్పలు ఆ లవణాలను మళ్లీ లోనికి లాగుకొనవలెను. అందుకు శక్తి ఖర్చవుతుంది. కొంతకాలం ఆ ఖర్చు భరిస్తుంది, తరువాత నీరసిస్తుంది. ఉప్పుటేటి ప్రాణులు మంచినీటిలో కొన్నాళ్లు బ్రతికి, పెంచేవానిని మోసపుచ్చి, ఆ తరువాత చనిపోవడంలోని రహస్యం ఇదే.

కనుక ఈ ప్రాణికి కావలసిన ఇల్లు అటు చేపల తొట్టీ కాదు, ఇటు పూలకుండీ కాదు. సగం నేల, సగం నీరు, ఆ నీరు సగం ఉప్పు. ఇటువంటి పేటికను పాశ్చాత్యులు పాలుడేరియం అంటారు. లాటిను భాషలో పాలుస్ అంటే చిత్తడినేల. తెలుగులో చిత్తడి తొట్టి అంటే సరిపోతుంది.

గాజు పేటికల కథ

గాజు లోపల ప్రకృతిని నిలుపవచ్చునన్న తలంపు పందొమ్మిదవ శతాబ్దిలో బలపడింది. 1829 ప్రాంతంలో లండను వైద్యుడు నథానియల్ వార్డ్, మూత బిగించిన సీసాలో ఒక గొంగళిపురుగు గూటిని ఉంచాడు. దానితోపాటు ఉన్న తడిమట్టిలో నుంచి పన్నుమొక్క వంటి ఒక చిన్న ఫెర్న్ మొలకెత్తింది. లోపలి తేమే ఆవిరియై, గాజుకు తగిలి, మళ్లీ మట్టికి చేరుతున్నదని అతడు గ్రహించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రచించిన పుస్తకంతో ఇంటింటా నీటితొట్టి పెట్టే వేడుక ఇంగ్లండులో వ్యాపించింది. మన వైపు, నెల్లూరు ఇంకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో, 1909లో మద్రాసు మెరీనా తీరాన మత్స్యప్రదర్శనశాల వెలిసింది.

ఆ పెద్ద సంస్థలకు తగిన ఖర్చు బడికి అవసరం లేదు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల గాజుతొట్టి చాలును. అందులో మూడవవంతు నీటికి, మిగిలినది నేలకు. రెంటి మధ్య గుండ్రాళ్లు పేర్చి, వాటి వెనుక సన్నని వల ఆనించి, ఆ వెనుక మెత్తటి ఇసుక, ఒండ్రుమట్టి కలిపి వాలుగా పోయాలి. దూరపు అంచున మట్టి 18 సెంటీమీటర్ల లోతుకు తగ్గరాదు. ఎండ్రకాయ తవ్వుకునే బొరియ అడుగు తడిని అంటవలెను గదా! నీరు రాళ్ల సందుల గుండా ఇసుకలోకి ఊరుతూ, అడుగున ఎప్పుడూ చెమ్మను నిలుపుతుంది. పైన గాలి ఆడే సన్నని రంధ్రాలతో మూత బిగించాలి. మూత లేని తొట్టిలో నుంచి ఎండ్రకాయ గాలిగొట్టం పట్టుకొని పైకి ఎక్కి పారిపోతుంది, గదిమూలలో ఎండి చస్తుంది. తొట్టిని కిటికీ ఎండలో పెట్టరాదు. మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాజు లోపల వేడి అంతకన్న వేగంగా పెరుగుతుంది. నీడపట్టున 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచగలిగితే మేలు.

నాటడానికి మడ మొక్క తగినది. మడ గింజ చెట్టు మీద ఉండగానే మొలక సిద్ధమై, నీటిలో రాలి, కొట్టుకుపోయి ఒడ్డు పడుతుంది. అలా ఒడ్డు పడిన గింజ ఒకటి రెండు తెచ్చుకుంటే చాలును. నిలిచివున్న మొక్కను పెరకరాదు. ఎండ్రకాయ బొరియలు తవ్వడం వలన బురదలోకి గాలి పోయి మడవేళ్లకు మేలు కలుగుతుంది, రాలిన మడ ఆకు మళ్లీ ఎండ్రకాయలకు మేత అవుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోలు తొట్టిలో కూడ కొంతవరకు కనిపిస్తుంది.

ఉప్పు లెక్క

తొట్టిలో బయటికి కనిపించే నీరు 12 సెంటీమీటర్ల లోతున సుమారు 16 లీటర్లు. ఇసుక పీల్చుకునేది సుమారు 10 లీటర్లు. తరువాత చెప్పబోయే బకెట్టులో 4 లీటర్లు. మొత్తం 30 లీటర్లు. ఇందులో 10 లీటర్లు సముద్రపు నీరు, 20 లీటర్లు మంచినీరు పోస్తే వెయ్యికి సుమారు 12 పాళ్ల ఉప్పు తేలుతుంది. ఇది ఉప్పుటేటి ఎండ్రకాయకు సుఖమైన మట్టం. హైడ్రోమీటరు ఉన్న బడులలో కొలిచి చూస్తే ముల్లు 1.008కీ 1.010కీ మధ్య నిలవాలి. సముద్రపు నీటిని చెరువుల మురుగుకాలువలకూ, ఊరి కాలువలకూ దూరంగా ముంచుకోవాలి. మంచినీరు కుళాయిదైతే అందులోని క్లోరిన్ పోయేదాక ఒక రోజు వెడల్పు పాత్రలో నిలువ ఉంచాలి. రాగి పాత్ర మాత్రం పనికిరాదు. రాగి ఎండ్రకాయ జాతికి విషం.

సముద్రం దూరమైన ఊళ్లవారు అంగడి ఉప్పు కలిపితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఎందుకో ఇసకపల్లి ఉప్పుమడులను చూచినవారికి చెప్పనక్కరలేదు. సముద్రపు నీరు మడిలో ఎండేటప్పుడు జిప్సం మొదట విడిపోతుంది, తరువాత ఉప్పు గడ్డ కడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరి చేదునీటిలో మిగిలిపోతాయి. మనం తినే ఉప్పు సముద్రంలో ఒక భాగమే కాని సముద్రం కాదు. ఎండ్రకాయ గుల్లకు సున్నం కావాలి, దాని రక్తానికి మెగ్నీషియం కావాలి. కనుక సముద్రపు నీరు దొరకనివారు అన్ని లవణాలూ సరియైన పాళ్లలో కూర్చిన అక్వేరియం సముద్రపుప్పునే వాడాలి.

ఇక అందరూ పొరబడే చోటు ఒకటున్నది. తొట్టిలో నీరు ఆవిరియై తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 30 లీటర్లలో 350 గ్రాముల ఉప్పు ఉన్నదనుకుందాం. ఆరు లీటర్లు ఆవిరైనప్పుడు మళ్లీ అదే ఉప్పునీరు ఆరు లీటర్లు పోస్తే, మరి 70 గ్రాముల ఉప్పు చేరుతుంది. అయిదు మార్లు ఇలా జరిగేసరికి ఉప్పు 700 గ్రాములై రెండింతలవుతుంది. తొట్టి ఉప్పుమడిగా మారిపోతుంది. కనుక గాజు మీద ఒక గీత గీచి, నీరు దాని కిందికి దిగినప్పుడెల్లా ఉత్త మంచినీటితో గీత దాక నింపాలి. నీరు మార్చవలసి వచ్చినప్పుడు మాత్రమే కలిపిన నీరు పోయాలి. ఈ ఒక్క సూత్రం తెలియక చచ్చిన ప్రాణులు అన్నీ ఇన్నీ కావు.

కనిపించని కాపలాదారులు

తొట్టి సిద్ధమైన రోజే ఎండ్రకాయను తేవడం తొందరపాటు. దాని విసర్జనలో నుంచి, మిగిలిన మేతలో నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఏటిలో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ కాపలాదారులు ఇంకా కుదురుకోలేదు. నీరు పోసి, గాలిగొట్టం ఆడిస్తూ, చిటికెడు మేత వేసి నాలుగు నుంచి ఆరు వారాలు వేచి ఉండాలి. ఈ కాలంలో తొట్టి ఖాళీగా కనిపిస్తుంది కాని నిజంగా ఖాళీ కాదు. ఓపికగా వేచి ఉండడం పిల్లలకు కష్టమే. అందుకే ఈ భాగం వారికి అన్నిటికన్న మంచి పాఠం.

ఆ తరువాత కూడ నాలుగైదు చిన్న ఎండ్రకాయలకు మించి ఉంచరాదు. వాటిలో పెద్ద డెక్క గల మగవి ఒకటి, మహా అయితే రెండు. సంతలో తాడుతో కాళ్లు కట్టి అమ్మే మండపీత ఇంటి తొట్టికి తగినది కాదు. అది కిలో బరువు దాక పెరుగుతుంది, తోటిదానిని బ్రతకనివ్వదు, పిల్లల వేళ్లకు ప్రమాదం. చిన్న ఎండ్రకాయలకు మేత కొద్దిగా వేయాలి. ఇవి చిన్న డెక్కతో బురద తీసి నోటిలో పెట్టుకొని, అందులోని పాచిని వడగట్టుకొని, మిగిలిన మట్టిని చిన్న ఉండగా చేసి వదులుతాయి. పాచి పట్టిన మట్టి, నానిన మడ ఆకు చాలవరకు సరిపోతాయి.

అంగడి రొయ్య ముక్కను మాత్రం వేయరాదు. 1994–95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు రొయ్యల చెరువులను దెబ్బతీసింది. ఆ వైరస్ మంచుగడ్డలో పెట్టిన రొయ్యలో కూడ నిలువగలదు. ఎండ్రకాయకు అంటి, అది పైకి ఆరోగ్యంగా కనిపిస్తుండగానే, దానితో పాటు మళ్లీ ఏటికి చేరగలదు. నేడు చెరువుల గట్ల చుట్టూ ఎండ్రకాయలు రాకుండ వల కంచె కడుతున్నది ఇందుకొరకే.

ఆటుపోట్ల గడియారం

నెల్లూరు తీరాన రోజుకు రెండు మార్లు పోటు వస్తుంది, రెండు మార్లు పాటు తీస్తుంది. పెద్ద పోటు రోజులలో కూడ మట్టంలోని తేడా సుమారు ఒక మీటరే. ఆ ఒక్క మీటరే ఎండ్రకాయల దినచర్యను నడిపిస్తుంది. పాటు తీసినప్పుడు బయటకు వచ్చి మేస్తాయి, పోటు వచ్చే ముందు బొరియలో దూరి బురదతో మూత వేసుకుంటాయి. ఈ జాతి ఎండ్రకాయలు పగలు ముదురు రంగుకు, రాత్రి లేత రంగుకు మారుతాయి. వాటిని ఎడతెగని చీకటిలో ఉంచినా ఆ మార్పు వేళ తప్పకుండ సాగుతూనే ఉండడం అమెరికాలో ఫ్రాంక్ బ్రౌన్, మార్గరీట్ వెబ్ అనే శాస్త్రజ్ఞులు గమనించి 1948లో ప్రకటించారు. ఎండ్రకాయ లోపల ఒక గడియారం ఉన్నదన్నమాట.

తొట్టిలో ఆ గడియారానికి తోడుగా ఒక చిన్న పోటును కల్పించవచ్చును. దీనికి యంత్రం అక్కరలేదు. ఒక బకెట్టులో 4 లీటర్ల నీరు పోసి, నీరు నిండిన రబ్బరు గొట్టంతో తొట్టికి కలపాలి. బకెట్టును ఉదయం పీట మీదికి ఎత్తితే నీరు తొట్టిలోకి వచ్చి మట్టం రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. సాయంత్రం కిందికి దించితే పాటు తీస్తుంది. కలిసివున్న పాత్రలలో నీరు ఒకే మట్టానికి చేరుతుందనే సూత్రం ఇక్కడ కళ్ల ఎదుట నడుస్తుంది. తుఫానులూ ఈశాన్య ఋతుపవనమూ వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఏటిలో జరిగినట్లే, ఉప్పును వెయ్యికి ఎనిమిది తొమ్మిది పాళ్లకు మెల్లమెల్లగా తగ్గించవచ్చును. ఏ మార్పూ ఒక్కసారిగా చేయరాదు.

ఒక ఉదయం తొట్టిలో ఎండ్రకాయ వెల్లకిల పడినట్లు కనిపించవచ్చును. తొందరపడి పారవేయరాదు. అది చచ్చినది కాకపోవచ్చు, విడిచిన గుల్ల కావచ్చు. పెరగాలంటే ఎండ్రకాయ పాత గుల్లను వదలిపెట్టి, నీరు పీల్చి ఒళ్లు ఉబ్బించుకొని, కొత్త గుల్లను గట్టిపరచుకోవాలి. ఆ కొద్ది రోజులు దాని ఒళ్లు వెన్నవలె మెత్తన. అప్పుడు దానికి కావలసినవి మూడే: దాగే చోటు, సున్నపు అంశం, ఏకాంతం. విడిచిన గుల్లను అదే తింటుంది కనుక తీయరాదు. రెండు మూడు ఆలిచిప్పలు వేసివుంచితే ఇంకా మేలు. ఊడిన కాలు కూడ గుల్ల విడిచినప్పుడెల్లా కొంత కొంత మొలుచుకొని వస్తుంది.

తొట్టికి లేని వాకిలి

ఇంత శ్రద్ధగా కట్టిన ఇంటికి ఒక లోపం మిగిలిపోతుంది. ఆడ ఎండ్రకాయ పొట్ట కింద గుత్తిగా గుడ్లు పెట్టుకొని రెండు వారాల వరకు మోస్తుంది. పెద్ద పోటు రోజులలో రాత్రివేళ నీటి అంచుకు వచ్చి, పాటుతో పాటు పిల్లలను వదులుతుంది. కంటికి ఆననంత చిన్నవైన ఆ పిల్లలు తల్లిని ఏ మాత్రం పోలివుండవు. అవి నీటిలో తేలుతూ సముద్రానికి పోతాయి. కొన్ని వారాల పాటు మార్పు మీద మార్పు చెంది, ఎండ్రకాయ రూపు దిద్దుకునే వేళకు మళ్లీ పోటుతో ఉప్పుటేటి ముఖం చేరుతాయి. ఈ ప్రయాణానికి ఏ గాజుతొట్టిలోనూ దారి లేదు. గుడ్లు మోస్తున్న ఆడది తొట్టిలో కనిపిస్తే దానిని వెంటనే తెచ్చిన చోటికి చేర్చడం ధర్మం.

ఈ లోపాన్ని తెలుసుకున్న విద్యార్థికి తీరం కూడ వేరుగా కనిపిస్తుంది. ప్రళయకావేరి అని మనవారు పిలిచే పులికాట్ సరస్సును చూడండి. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు తడ, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి కాని, సరస్సు మాత్రం ఎప్పటివలె ఏరుకూ సముద్రానికీ మధ్య బ్రతుకుతున్నది. వానకాలంలో కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీటితో దాని ఉప్పు తగ్గుతుంది. ఎండకారులో నీరు ఆవిరియై, సముద్రం కన్న ఉప్పనవుతుంది. ఉప్పును మళ్లీ సరిచేసేది సముద్రంతో కలిపే ముఖద్వారం. రాయదొరువు వద్ద ఆ ద్వారం ఇసుక మేటలతో పూడిపోయి, దానిని తవ్వించమని జాలరులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. గీత దాక మంచినీరు పోయడం మరచిన తొట్టికీ, వాకిలి మూసుకుపోయిన సరస్సుకూ భేదం పరిమాణంలోనే. సరస్సులో తేడా వస్తే ఎండ్రకాయ పిల్ల ఒక్కటే కాదు, రొయ్యపిల్ల, చేపపిల్ల కూడ లోపలికి రావు. దానితో జాలరి వల ఖాళీ అవుతుంది.

అందుచేత చిత్తడి తొట్టిని పెట్టే బడి మూడు నియమాలు పాటించాలి. పులికాట్ పక్షి సంరక్షణ కేంద్రం హద్దులలో ఏ ప్రాణినీ పట్టరాదు. అంగడిలో కొన్న, ఊరు పేరు తెలియని ఎండ్రకాయను ఎన్నటికీ మన ఏటిలో వదలరాదు, దాని తొట్టినీటిని కాలువలో పోయరాదు. మన ఏటి నుంచి తెచ్చినవైతే, రోగం లేకుండ చూచుకొని, పరీక్షల సెలవులకు ముందే తెచ్చిన చోటనే వదలిపెట్టాలి. వేసవి సెలవులలో తాళం వేసిన గదిలో గీత దాక నీరు పోసేవారెవరు?

ఉప్పును తూచడం, నీటిని సరిచూడడం, పోటును ఎత్తి దించడం, విషాన్ని విరవడం — తొట్టి దగ్గర ఇవన్నీ నలుగురు పిల్లలు వంతులు వేసుకొని చేయవలసిన పనులు. ఉప్పుటేరు ఇవే పనులను జీతం అడగకుండ, సెలవు తీసుకోకుండ చేస్తున్నది. వాకిలి మాత్రం దానికి తెరిచి ఉండాలి.